కుక్కకు టీకా వేయించగానే ఇంటికి వెళ్లిపోతున్నారా? ఆ అరగంటే కీలకం.. మూగజీవాల్లో ప్రాణాంతక అలర్జీని గుర్తించేదెలా?

గాజువాక: కుక్కపిల్లకు రెండో డోసు టీకా వేయించి ఆటో ఎక్కారు. పది నిమిషాలు గడిచాయో లేదో ఒళ్లో ఉన్న పిల్ల మూతి రుద్దుకోవడం మొదలుపెట్టింది. కళ్ల చుట్టూ ఉబ్బింది. ఒకసారి వాంతి చేసుకుంది. కాసేపటికి మెడ వాల్చేసింది. సూది నొప్పికి నీరసపడిందిలే, ఇంటికెళ్లి పడుకోబెడితే సర్దుకుంటుందిలే అనుకుంటారు చాలామంది. కానీ అది నీరసం కాకపోవచ్చు. ప్రాణం తీసే అలర్జీ కావచ్చు. వైద్యులు దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు. టైమ్‌కి ఒక్క సూది మందు పడితే చాలాసార్లు ప్రాణం నిలబడుతుంది. ఆలస్యమైతే నిమిషాల్లోనే చేయి దాటిపోతుంది.

గాజువాక లాంటి చోట ఈ విషయం తెలిసి ఉండటం మరీ అవసరం. అపార్ట్‌మెంట్లలో పగ్‌లు, షిట్జూలు, పెర్షియన్ పిల్లులు పెరుగుతున్నాయి. కాస్త బయటికెళ్తే పెదగంట్యాడ, అగనంపూడి వైపు పాడి ఆవులు, గేదెలు, మేకలు కనిపిస్తాయి. జాతీయ రహదారి మీదేమో పోర్టు లారీలు, స్టీల్‌ప్లాంట్ బండ్లు. సాయంత్రం పూట గాజువాక జంక్షన్ దాటడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆస్పత్రికి చేరడానికే టైమ్ పట్టేటప్పుడు, లక్షణాన్ని ఎంత త్వరగా పట్టుకుంటే అంత మంచిది. మరి ఎలా గుర్తించాలి? ఏం చేయాలి? ఏం చేయకూడదు? వివరంగా చూద్దాం.

అసలు ఒంట్లో ఏం జరుగుతుంది?

మన శరీరంలాగే జంతువుల శరీరంలోనూ రోగనిరోధక వ్యవస్థ ఉంటుంది. క్రిములు వస్తే పోరాడటం దాని పని. ఒక్కోసారి అది టీకాలోని ప్రోటీన్‌నో, మందునో, తేనెటీగ విషాన్నో శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. మొదటిసారి పైకి ఏమీ కనిపించదు. లోపల మాత్రం దాన్ని ఎదుర్కోవడానికి ప్రతిరక్షకాలు తయారై, మాస్ట్ కణాలు అనే ప్రత్యేక కణాలకు అతుక్కుని కూర్చుంటాయి. అదే పదార్థం మళ్లీ ఒంట్లోకి వచ్చిందంటే చాలు.. ఆ కణాలు పగిలినట్టుగా హిస్టమిన్ లాంటి రసాయనాలను ఒక్కసారిగా వదిలేస్తాయి.

దాంతో రక్తనాళాలు సాగిపోతాయి. వాటిలోని ద్రవం బయటికి కారిపోతుంది. బీపీ పడిపోతుంది. శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. గుండెకు, మెదడుకు సరిపడా రక్తం అందదు. ఇదంతా ఎక్కువగా నిమిషాల్లో, సాధారణంగా అరగంటలోపు మొదలవుతుంది. కొన్నిసార్లు గంటల తర్వాత కూడా రావచ్చు. "పోయినసారి ఇదే సూది వేయించాం, ఏమీ కాలేదుగా" అనే ధీమా అందుకే పనికిరాదు. పోయినసారి శరీరం దాన్ని గుర్తుపెట్టుకుని ఉండొచ్చు.

ఈ జబ్బు బయటపడింది కుక్కల్లోనే!

చాలామందికి తెలియని సంగతి ఇది. 1901లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియర్ మొనాకో యువరాజు మొదటి ఆల్బర్ట్ నౌకలో వెళ్లి సముద్ర జీవుల విషంపై పరిశోధన మొదలుపెట్టారు. తిరిగొచ్చాక సముద్ర ఎనిమోన్ విషాన్ని కొద్దికొద్దిగా కుక్కలకు ఎక్కించి చూశారు. అలా ఇస్తే టీకాలా పనిచేసి వాటికి రక్షణ వస్తుందేమో అన్నది వాళ్ల ఆలోచన. నెప్ట్యూన్ అనే కుక్క మొదటి డోసు బాగానే తట్టుకుంది. సుమారు మూడు వారాల తర్వాత మళ్లీ ఇచ్చిన కొద్దిపాటి డోసుకే ఊపిరాడక, వాంతులు, రక్త విరేచనాలతో అరగంటలోపే చనిపోయింది.

రక్షణ రావాల్సింది పోయి రివర్స్ అయింది కాబట్టి, రక్షణకు వ్యతిరేకం అనే అర్థం వచ్చేలా 1902లో దీనికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. ఈ పరిశోధనకే రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. నెప్ట్యూన్‌లో ఆనాడు కనిపించిన లక్షణాలే ఈనాటికీ కుక్కల్లో కనిపిస్తున్నాయి.

వేటివల్ల వస్తుంది?

టీకాలు ఒక్కటే కారణం కాదు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్, సల్ఫా లాంటి యాంటీబయాటిక్ మందులు, తేనెటీగలు, కందిరీగలు కుట్టడం, రక్తం ఎక్కించడం, కొన్నిసార్లు తిండి.. ఇవన్నీ కారణం కావచ్చు. 

పాము కాటుకు ఇచ్చే విరుగుడు మందు కూడా ఈ జాబితాలో ఉంది. మన దేశంలో దీన్ని గుర్రాల రక్తం నుంచి తయారుచేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి.. ఈ నాలుగు పాముల విషానికీ ఇదే మందు. గుర్రపు ప్రోటీన్ కుక్క ఒంటికి పడకపోతే అలర్జీ వస్తుంది. అలాగని మందు ఇవ్వకుండా ఉండలేరు. అందుకే పక్కనే అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని, కళ్లెదుట కనిపెట్టుకుని ఉంటూ ఎక్కిస్తారు.

కుక్కలో ఒకలా.. పిల్లిలో మరోలా!

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక్కో జంతువులో ఈ అలర్జీ ఒక్కో అవయవం మీద దెబ్బ కొడుతుంది.

కుక్కలు: కాలేయం, పేగులపై ఎక్కువ ప్రభావం ఉంటుంది. రక్తమంతా అక్కడే నిలిచిపోతుంది. ఉన్నట్టుండి వాంతులు, విరేచనాలు, అందులో రక్తం, తూలడం, కూలబడటం కనిపిస్తాయి. మూతి, కనురెప్పలు ఉబ్బడం, ఒంటిమీద దద్దుర్లు రావడం కూడా ఉండొచ్చు. అయితే అసలు విషయం ఏంటంటే.. దద్దుర్లు, వాపు లేకుండా నేరుగా కూలిపోయే కుక్కలూ ఉన్నాయి. దద్దుర్లు లేవు కాబట్టి అలర్జీ కాదు అనుకోవద్దు.

పిల్లులు: ఊపిరితిత్తులు, పేగులు దెబ్బతింటాయి. ముఖం, తల ఆపకుండా గోక్కోవడం, చొంగ కార్చడం, నోరు తెరిచి రొప్పడం, వాంతులు, తడబడి నడవడం కనిపిస్తాయి. కుక్క రొప్పడం మామూలే. పిల్లి నోరు తెరిచి ఊపిరి పీలుస్తోందంటే మాత్రం అది ఎమర్జెన్సీ.

ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు: ప్రధానంగా ఊపిరితిత్తులే. ఆయాసం, మెడ చాచి ఊపిరి తీయడం, ముక్కు నుంచి నురగ, వణుకు, కనురెప్పల వాపు, ఒంటిమీద దద్దుర్లు, చివరికి పడిపోవడం కనిపిస్తాయి.

గుర్రాలు: ఊపిరితిత్తులు, పేగులు రెండూ. ఆయాసంతో పాటు కడుపునొప్పి లక్షణాలు కనిపిస్తాయి.

ఒక్క నిమిషంలో ఇలా చెక్ చేయండి

ఇంట్లో ఏ పరికరమూ లేకపోయినా నాలుగు విషయాలు చూడొచ్చు.

1. చిగుళ్ల రంగు: పై పెదవి ఎత్తి చూడండి. గులాబీ రంగులో ఉంటే మంచిదే. పాలిపోయి తెల్లగా, నీలంగా, లేదా ఇటుక ఎరుపులో ఉంటే ప్రమాదం. చిగుళ్లు సహజంగానే నల్లగా ఉండే కుక్కల్లో కింది కనురెప్ప లోపలి భాగం చూడాలి.

2. వేలితో నొక్కి చూడటం: చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటుకి 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. అంతకంటే ఆలస్యమైతే రక్తప్రసరణ సరిగా లేదన్నమాట.

3. నాడి: వెనక కాలు పొట్టకు కలిసే చోట, తొడ లోపలివైపు వేళ్లు పెడితే నాడి తెలుస్తుంది. బాగా వేగంగా, సన్నగా కొట్టుకుంటున్నా, అసలు దొరక్కపోయినా షాక్‌లో ఉన్నట్టే.

4. ఊపిరి: విశ్రాంతిగా ఉన్న కుక్క నిమిషానికి సుమారు 10 నుంచి 30 సార్లు, పిల్లి 20 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తాయి. లెక్క బాగా పెరిగినా, గురగురమని శబ్దం వస్తున్నా ఆలోచించొద్దు, బయల్దేరండి.

మూతి మాత్రమే కాస్త ఉబ్బి, కుక్క మామూలుగానే తిరుగుతుంటే అది తేలికపాటి అలర్జీ కావచ్చు. అయినా డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిందే. వాపుతో పాటు వాంతులు, ఆయాసం, నీరసం.. ఇందులో ఏ ఒక్కటి కలిసినా తీవ్రమైనదిగానే భావించాలి.

వడదెబ్బా? విషమా? అలర్జీయా?

విశాఖ ఉక్కపోతలో కుక్క కూలబడితే ముందు గుర్తొచ్చేది వడదెబ్బే. వడదెబ్బలో ఒళ్లు కాలిపోతుంటుంది. జ్వరం 105, 106 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. అలర్జీ షాక్‌లో చెవులు, పాదాలు చల్లబడతాయి. పురుగుమందు విషమైతే చొంగ ధారగా కారడం, ఒళ్లంతా కండరాలు అదరడం, కంటిపాప సూదిమొనంత చిన్నది కావడం కనిపిస్తాయి. పార్వో వైరస్‌లోనూ రక్త విరేచనాలు అవుతాయి కానీ అంతకుముందే తిండి మానేసి నీరసంగా ఉంటుంది. గేదెకు కడుపుబ్బరం అయితే ఎడమవైపు డొక్క డోలులా ఉబ్బుతుంది.

తేడా తేల్చడానికి ఒక్క ప్రశ్న బాగా ఉపయోగపడుతుంది. గత గంటలో కొత్తగా ఏం జరిగింది? సూదా, మందా, కొత్త తిండా, తోటలో కందిరీగా? ఆ ముక్క డాక్టర్‌కి చెబితే సగం పని అయిపోయినట్టే.

దారిలో ఏం చేయాలి?

ముందు ఆస్పత్రికి ఫోన్ చేసి "అలర్జీ షాక్ అనుకుంటున్నాం, వస్తున్నాం" అని చెప్పండి. మీరు వెళ్లేసరికి వాళ్లు మందు లోడ్ చేసి ఉంచుతారు. టీకా వేయించి ఇంకా దగ్గర్లోనే ఉంటే, ఇంటికి కాదు.. అదే ఆస్పత్రికి వెనక్కి తిప్పండి.

తేనెటీగ ముల్లు కనిపిస్తే వెంటనే తీసేయండి. కార్డుతో గీకారా, గోటితో లాగారా అన్నది ముఖ్యం కాదు, ఎంత త్వరగా తీశారన్నదే ముఖ్యం. కందిరీగ ముల్లు వదలదు, కాబట్టి వెతుకుతూ టైమ్ వృథా చేయొద్దు.

జంతువును దానికి సౌకర్యంగా ఉన్న తీరులోనే ఉంచండి. రొమ్ము మీద కూర్చుని మెడ చాస్తే చాచనివ్వండి. వెల్లకిలా తిప్పొద్దు. పిల్లిని గట్టిగా పట్టుకుని పెనుగులాడొద్దు, బుట్టలో పెట్టి తీసుకెళ్లండి. వాంతులు చేసుకుంటున్న, రొప్పుతున్న కుక్క మూతికి తాడు కట్టొద్దు. స్పృహ లేకపోతే పక్కకు పడుకోబెట్టి, నాలుక బయటికి లాగి, నోట్లో వాంతి ఉంటే గుడ్డతో తుడవండి.

ఈ పనులు అస్సలు చేయొద్దు

నోట్లో నీళ్లు, పాలు, నిమ్మరసం, ఉల్లి రసం పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే అదే చంపేస్తుంది. ఇంట్లో ఉన్న సెట్రిజిన్ మాత్ర వేసి చూద్దాంలే అని ఆగొద్దు. అది దురద తగ్గించగలదేమో కానీ పడిపోయిన బీపీని లేపలేదు. పారాసిటమాల్ పిల్లులకు విషం. కుక్కలకూ మనుషుల నొప్పి మాత్రలు ప్రమాదమే. "అరగంట చూసి వెళ్దాం" అన్న మాట మాత్రం అసలే వద్దు.

ఆస్పత్రిలో ఏం చేస్తారు?

మొదటి పని కారణాన్ని ఆపడం. డ్రిప్‌లో మందు పోతుంటే ఆపేస్తారు. రక్తం ఎక్కుతుంటే ఆపేస్తారు. రెండో పని అడ్రినలిన్. ఈ అలర్జీకి అసలైన మందు ఇదే. సాగిపోయిన రక్తనాళాలను బిగిస్తుంది, గుండెను బలంగా కొట్టిస్తుంది, శ్వాసనాళాలను తెరుస్తుంది, మాస్ట్ కణాలు ఇంకా రసాయనాలు వదలకుండా ఆపుతుంది. నాలుగు పనులూ ఒకే మందుతో అవుతాయి.

డోసు మాత్రం చాలా తక్కువ. కుక్కలకు, పిల్లులకు కిలో బరువుకు సుమారు 0.01 మిల్లీగ్రామ్ చొప్పున కండకు ఇస్తారు. అంటే 10 కిలోల కుక్కకు మామూలు ఆంప్యూల్‌లో పదో వంతు, 0.1 మి.లీ. మాత్రమే. కాస్త ఎక్కువైనా గుండె లయ తప్పొచ్చు. అందుకే ఇది ఇంట్లో చేసే పని కాదు. దీని ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది కాబట్టి అవసరమైతే 5 నుంచి 15 నిమిషాలకు మళ్లీ ఇస్తారు.

తర్వాత ఆక్సిజన్, సెలైన్. నాళాల నుంచి కారిపోయిన ద్రవాన్ని సెలైన్‌తో భర్తీ చేస్తారు. అలర్జీ సూదులు, స్టెరాయిడ్లు కూడా ఇస్తారు కానీ అవి సహాయక మందులే. స్టెరాయిడ్ పనిచేయడానికే గంటలు పడుతుంది. స్టెరాయిడ్ ఇచ్చేశాం కదా అని అడ్రినలిన్ ఆపితే లాభం లేదు. కుక్కల్లో స్కానింగ్ చేసి పిత్తాశయం గోడ ఉబ్బిందా అని కూడా చూస్తారు. దద్దుర్లు లేని కేసుల్లో అలర్జీని పట్టుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది.

సూది పడ్డాకే అసలు సేవ మొదలు

మందు పడగానే జంతువు లేచి తోక ఊపితే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నర్సింగ్ సిబ్బందికి మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. మొదట్లో ప్రతి 5, 10 నిమిషాలకోసారి చిగుళ్ల రంగు, నాడి, ఊపిరి, బీపీ, ఒంటి వేడి చూసి రాయాలి. ఒక్క రీడింగ్ కంటే లెక్క ఎటు పోతోందన్నదే ముఖ్యం. నాడి 160 నుంచి 120కి దిగుతుంటే మంచి సంకేతం. కాసేపటికి మళ్లీ పెరుగుతుంటే డాక్టర్‌ని పిలవాలి.

మూత్రం కూడా కొలవాలి. కిలో బరువుకు గంటకు కనీసం 1 మి.లీ. వస్తోందంటే కిడ్నీలకు రక్తం అందుతున్నట్టు. సెలైన్ పోయే స్పీడ్ మీద కన్నేయాలి, ముఖ్యంగా పిల్లుల్లో. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఒళ్లు చల్లబడితే దుప్పటి కప్పాలి కానీ వేడి నీళ్ల సీసా నేరుగా ఆనించొద్దు, చర్మం కాలిపోతుంది. లేవలేని జంతువును కొద్ది గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి. విరేచనాలు అంటుకున్న తోక, తొడలు కడిగి తుడవాలి. వాంతులు పూర్తిగా ఆగాకే కొద్దికొద్దిగా నీళ్లు, ఆ తర్వాతే తిండి.

ఒకసారి తగ్గిన అలర్జీ కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు. తీవ్రంగా వచ్చిన కేసులను కనీసం ఒక రోజు ఆస్పత్రిలో ఉంచమనేది అందుకే. ఇంటికి తెచ్చాక కూడా మూడు రోజుల పాటు వాంతులు, మలంలో రక్తం, నీరసం ఉన్నాయేమో గమనించాలి.

పాడి రైతులు ఇది తప్పక చదవండి

ఇంటి పోషణంతా ఒక్క గేదె మీద ఆధారపడిన కుటుంబాలు ఉన్నాయి. జ్వరం వచ్చిందనగానే తెలిసినవాళ్లతో పెన్సిలిన్ సూది వేయించడం పల్లెల్లో మామూలే. సూది వేసేవాళ్ల సంచిలో అడ్రినలిన్ ఆంప్యూల్ ఉందా అన్నది మాత్రం ఎవరూ అడగరు. ఖరీదైన మందేం కాదది. అడగడంలో తప్పు లేదు. ఏ సూది వేశారో పేరు రాయించుకోండి, ఖాళీ సీసా దాచుకోండి.

గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయించాక పశువును వెంటనే మేతకు తోలొద్దు. అరగంట కళ్లెదుట కట్టేయండి. ఒకటి రెండు రోజులు కాస్త జ్వరం, పాలు తగ్గడం మామూలే, భయపడక్కర్లేదు. ఆయాసం, వణుకు, నురగ వస్తే మాత్రం వెంటనే పశువైద్యుడికి కబురు పెట్టండి. 1962 టోల్‌ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సాయం దొరుకుతుంది. ఈలోపు పడిపోయిన పశువును రొమ్ము మీద కూర్చోబెట్టి, రెండు పక్కలా గోనె సంచులు దన్ను పెట్టండి. గొట్టంతో ఏమీ తాగించొద్దు. చూడి పశువైతే ఈ దెబ్బకు ఈసుకుపోయే ప్రమాదం ఉంది, తర్వాత కూడా డాక్టర్‌కి చూపించాలి.

ఇంకో విచిత్రమైన అలర్జీ కూడా ఉంది. కొన్ని ఆవులకు సొంత పాలే పడవు! పాలు తీయడం ఆలస్యమైనప్పుడు పొదుగులో ఒత్తిడి పెరిగి పాలలోని కేసిన్ ప్రోటీన్ రక్తంలోకి వెళ్తుంది. దాంతో దద్దుర్లు, ఆయాసం వస్తాయి. జెర్సీ ఆవుల్లో ఇది ఎక్కువ. పాలు పూర్తిగా పిండేస్తే చాలాసార్లు తగ్గుముఖం పడుతుంది.

అయితే టీకాలు మానేయాలా?

అస్సలు మానొద్దు. అమెరికాలో 12 లక్షలకు పైగా కుక్కల రికార్డులు పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో.. టీకా వేసిన మూడు రోజుల్లో ఏదో ఒక దుష్ప్రభావం కనిపించింది ప్రతి 10 వేల కుక్కల్లో సుమారు 38కి మాత్రమే. ప్రాణాంతక అలర్జీ అందులో చిన్న భాగం. అదే రేబిస్ లక్షణాలు బయటపడ్డాయంటే కుక్కైనా మనిషైనా బతకడం దాదాపు అసాధ్యం. ఏది పెద్ద ప్రమాదమో వేరే చెప్పాలా?

అదే అధ్యయనంలో పనికొచ్చే మరో విషయం ఉంది. చిన్న కుక్కల్లో రిస్క్ ఎక్కువ. 10 కిలోల్లోపు కుక్కల్లో ఒకే రోజు వేసే ఒక్కో అదనపు టీకాకు రిస్క్ 27 శాతం చొప్పున పెరిగింది. కాబట్టి పగ్, షిట్జూ లాంటివాటికి టీకాలు ఒకేసారి వేయాలా, విడివిడిగా వేయాలా అని డాక్టర్‌ని అడగండి. ఒకసారి అలర్జీ వచ్చిన కుక్కకు తర్వాతి డోసు ఎలా ఇవ్వాలో ఆయనే చెబుతారు. మీ అంతట మీరు ఆపేయొద్దు.

ఏటా జులై 6న జూనోసిస్ డే సందర్భంగా పశుసంవర్ధక శాఖ ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటుంది. ఆ రోజు క్యూలు పెద్దగా ఉంటాయి, అందరికీ ఇంటికెళ్లే తొందరే. టీకా అయ్యాక అక్కడే చెట్టు నీడలో ఒక అరగంట కూర్చోండి. వీలైతే ఉదయం పూటే వేయించండి, రోజంతా కనిపెట్టుకుని ఉండొచ్చు. టీకా కార్డు మీద మందు పేరు, బ్యాచ్ నంబర్, గతంలో వచ్చిన అలర్జీ రాయించుకోండి. ఇంటికి దగ్గర్లో రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో ఈరోజే కనుక్కుని, ఆ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. అవసరం వచ్చినప్పుడు వెతికేంత టైమ్ ఉండదు.

(ఈ కథనం అవగాహన కోసమే. మందు, మోతాదు విషయంలో పశువైద్యుల సలహా తప్పనిసరి.)